ఒక కొనుగోలుదారు, మూడు ఐరోపా దేశాలు: భిలాయ్ ఉక్కు చెప్పే పాఠం

భిలాయ్: ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని ఈ ఉక్కు పట్టణంలో మైత్రీ బాగ్ పేరిట ఒక పెద్ద ఉద్యానం, జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. భారత - సోవియట్ స్నేహానికి గుర్తుగా భిలాయ్ ఉక్కు కర్మాగారం 1972లో దీనిని ఏర్పాటు చేసింది. సెలవు రోజుల్లో ఇక్కడికి వచ్చే పిల్లలకు పేరులోని ఆ మైత్రి ఎవరితోనో పెద్దలు విడమరచి చెప్పవలసి వస్తున్నది. ఎందుకంటే ఆ దేశం 1991 డిసెంబరులో ప్రపంచ పటం నుంచి అదృశ్యమైంది. కర్మాగారం మాత్రం ఇప్పటికీ రైలు పట్టాలు తయారు చేస్తూనే ఉన్నది.

ఐరోపా దేశాల రాజకీయ వ్యవస్థలను పోల్చి చూసే పరిశోధకులకు ఈ పట్టణం పట్ల ఆసక్తి కలగడానికి బలమైన కారణమే ఉంది. ప్రజాస్వామ్య దేశం ఇతర దేశాలతో ఒక విధంగా, ఏకపార్టీ రాజ్యం మరొక విధంగా వ్యవహరిస్తాయా? తాము చేసిన పనిని లోకానికి చెప్పుకోవడంలో వాటి మధ్య తేడా ఏమిటి? రాజనీతి శాస్త్రంలో ఇటువంటి ప్రశ్నలకు ప్రయోగశాలలో జవాబు దొరకదు. పరిస్థితులన్నీ సమానంగా ఉంచి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి చూడడం నిజజీవితంలో సాధ్యం కాదు. అయితే 1950 దశకంలో భారతదేశం తనకు తెలియకుండానే దాదాపు అటువంటి ప్రయోగం చేసింది. ఒకే ప్రభుత్వం, ఒకే ప్రణాళికా కాలంలో, ఇంచుమించు ఒకే స్థాయి ఉక్కు కర్మాగారాలను మూడు ఐరోపా దేశాల సాయంతో నిర్మించింది. భిలాయ్‌ను సోవియట్ యూనియన్, ఒడిశాలోని రూర్కెలాను పశ్చిమ జర్మనీ, పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్‌ను బ్రిటన్ కట్టించాయి.

ఒప్పందాల్లోనే తేడా

భిలాయ్ ఒప్పందంపై 1955 ఫిబ్రవరి 2న న్యూఢిల్లీలో సంతకాలు జరిగాయి. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు దిమ్మెల సామర్థ్యం గల కర్మాగారానికి సోవియట్ ప్రభుత్వం యంత్రసామగ్రిని రెండున్నర శాతం వడ్డీపై అప్పుగా ఇచ్చింది. అప్పును 12 వార్షిక వాయిదాలలో తీర్చాలి. అంతకంటె ముఖ్యమైన సంగతి, చెల్లింపు రూపాయలలోనే చేయవచ్చు. ఆ రూపాయలతో సోవియట్ యూనియన్ మన దేశపు సరుకులు కొనుక్కుంటుంది. 1957-58లో దేశం విదేశీ మారకద్రవ్యం కొరతతో సతమతమైన సంగతి తెలిసినదే. డాలర్లు, పౌండ్లు, మార్కులు వెతుక్కోవలసిన అవసరం లేని అప్పు ఆనాడు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

రూర్కెలా విషయంలో క్రుప్, డెమాగ్ అనే జర్మన్ ప్రైవేటు సంస్థలతో 1953లోనే ఒప్పందం కుదిరింది. యంత్రాల సరఫరాలో అనేక జర్మన్ కంపెనీలు పాలుపంచుకున్నాయి. ఎవరి భాగం వారిదే తప్ప మొత్తం కర్మాగారానికి బాధ్యత వహించే ఒకే సంస్థ జర్మన్ల పక్షాన లేకపోయింది. దుర్గాపూర్‌లో బ్రిటిషువారు ఈ లోటు లేకుండా చూసుకున్నారు. 13 కంపెనీలు కలసి ‘ఇస్కాన్’ పేరిట ఒక కూటమిగా ఏర్పడి నిర్మాణ బాధ్యత తీసుకున్నాయి. భిలాయ్‌లో ఇక సమస్యే లేదు. అక్కడ అమ్మకందారు, రూపకర్త, అప్పిచ్చేవాడు, శిక్షకుడు అందరూ ఒకే ప్రభుత్వపు వేర్వేరు శాఖలు.

మూడు దేశాల రాజకీయ, ఆర్థిక వ్యవస్థలు ఈ మూడు ఒప్పందాలలో స్పష్టంగా కనిపిస్తాయి. మార్కెట్‌పై నమ్మకం గల ప్రజాస్వామ్య దేశాల పక్షాన కంపెనీలు వచ్చాయి. ఏకపార్టీ దేశం పక్షాన రాజ్యమే వచ్చింది.

ఒకే గొంతు, అనేక గొంతులు

రూర్కెలా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 3న, భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఆ మరునాడు రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఏడాది డిసెంబరు చివరలో దుర్గాపూర్ వంతు వచ్చింది. పోటీ బహిరంగమే. ఎవరి కొలిమి ముందు వెలుగుతుంది, ఎవరి ఉక్కు ముందు పోతపోస్తారు అన్న ప్రశ్నలు న్యూఢిల్లీలోనే కాదు, మాస్కో, బాన్, లండన్ నగరాలలో కూడా చర్చకు వచ్చాయి.

మాస్కోకు భిలాయ్ కేవలం ఒక కర్మాగారం కాదు. బుల్గానిన్, కృశ్చేవ్‌లు 1955 చివరలో జరిపిన భారత పర్యటన తరువాత ఆసియా, ఆఫ్రికా దేశాలకు సోవియట్ యూనియన్ చూపిన నమూనా అది. 1960 ఫిబ్రవరిలో కృశ్చేవ్ స్వయంగా భిలాయ్‌ని సందర్శించారు. సోవియట్ పత్రికలలో భిలాయ్ గురించి వెలువడిన కథనాలన్నీ ఒకే సారాంశాన్ని చెప్పాయి. ‘సోవియట్ భూమి’ పత్రిక ద్వారా తెలుగు పాఠకులకు కూడా ఆ కథనాలు సుపరిచితమే. అక్కడి పన్ను చెల్లింపుదారుడు ‘ఈ అప్పు ఎందుకు ఇచ్చారు, మాకేమి మిగిలింది’ అని అడగడానికి వేదిక లేదు.

పశ్చిమ జర్మనీ పరిస్థితి వేరు. తూర్పు జర్మనీని గుర్తించే దేశాలతో దౌత్య సంబంధాలు తెంచుకుంటామని బాన్ ప్రభుత్వం 1955లో ప్రకటించిన హాల్‌స్టీన్ సిద్ధాంతం దృష్ట్యా భారతదేశం స్నేహం ఆ దేశానికి చాలా అవసరం. రూర్కెలా విజయం ఒక దౌత్య అవసరం. అయినప్పటికీ అక్కడి లోపాలను మొదట ఎత్తిచూపినవారిలో జర్మన్ పత్రికలే ఉన్నాయి. యంత్రాల మరమ్మతులు, విడిభాగాల కొరత, కంపెనీల మధ్య సమన్వయ లోపం, తమ దేశస్థుల ప్రవర్తన వంటి విషయాలపై ఆ పత్రికలు నిర్మొహమాటంగా రాశాయి. 1960 దశకం మొదట్లో జర్మన్ నిపుణుల బృందం వచ్చి లోపాలను పరిశీలించి నివేదిక ఇవ్వడం, దిద్దుబాటు చర్యలు మొదలు కావడం ఈ విమర్శల నేపథ్యంలోనే జరిగాయి. రూర్కెలాలోని జర్మన్ సిబ్బంది జీవితాన్ని దగ్గర నుంచి చూసిన యాన్ బోడో స్పెర్లింగ్ 1969లో ఒక గ్రంథమే ప్రచురించారు. యంత్రాలను పంపే ముందు చేసిన సన్నాహాలు మనుషులను పంపే ముందు చేయలేదన్నది ఆయన పరిశీలనలో తేలే సారాంశం.

దీనిని బట్టి చూస్తే ప్రచారంలో ఏకపార్టీ రాజ్యం గెలిచింది, ప్రజాస్వామ్యం ఓడింది అనిపించవచ్చు. 1960 నాటి భారతీయ పాఠకుడికి అలాగే అనిపించింది కూడా. కానీ పోలికలో ఒక మెలిక ఉంది. భిలాయ్ రైలు పట్టాలు, నిర్మాణ ఉక్కు తయారు చేసే కర్మాగారం. అప్పటికే బాగా అలవాటైన ఓపెన్ హార్త్ కొలిమి పద్ధతిని అక్కడ వాడారు. రూర్కెలా ఉక్కు పలకలు, రేకులు తయారు చేసే కర్మాగారం. ఆస్ట్రియాలో కొత్తగా పుట్టిన ఎల్‌డి పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టారు. కొత్త పద్ధతికి బాలారిష్టాలు తప్పవు. కాలక్రమంలో నెగ్గినది మాత్రం ఆ కొత్త పద్ధతే. 1980 దశకపు విస్తరణలో భిలాయ్ కూడా ఎల్‌డి కన్వర్టర్లనే నెలకొల్పుకున్నది. అందువల్ల తొలి సంవత్సరాల ఉత్పత్తి లెక్కలను మాత్రమే చూసి రాజకీయ వ్యవస్థల మంచిచెడ్డలను నిర్ణయించడం తొందరపాటు అవుతుంది.

బొకారో చెప్పిన మరో సంగతి

నాలుగవ కర్మాగారం బొకారో విషయంలో అట్లాంటిక్ అవతలి ప్రజాస్వామ్యం కూడా ఈ పరీక్షకు కూర్చుంది. అధ్యక్షుడు జాన్ కెనడీ సాయం చేయాలని కోరుకున్నారు. అయితే ప్రభుత్వ రంగంలోని కర్మాగారానికి అమెరికా ప్రజల డబ్బు ఎందుకు ఇవ్వాలన్న ప్రశ్న వాషింగ్టన్‌లో బలంగా తలెత్తింది. 1963లో జనరల్ క్లే నాయకత్వంలోని సంఘం అటువంటి సాయానికి వ్యతిరేకంగా అభిప్రాయం వెల్లడించింది. కాంగ్రెస్ సభ్యుల నుంచి ప్రతిఘటన ఎదురైంది. కెనడీని ఇరకాటంలో పెట్టడం ఇష్టం లేక నెహ్రూ ఆ ఏడాదే అభ్యర్థనను ఉపసంహరించుకున్నారు. 1965 జనవరిలో సోవియట్ యూనియన్ బొకారో ఒప్పందం చేసుకున్నది. ఈ కాలపు సాయాల రాజకీయాలపై చరిత్రకారుడు డేవిడ్ ఎంగర్‌మన్ 2018లో వెలువరించిన గ్రంథం భారతీయ నిర్ణయాధికారులు రెండు శిబిరాలనూ తమ తమ వాదాలకు ఎలా వాడుకున్నారో కూడా వివరిస్తుంది. ఇచ్చేవాడి రాజకీయాలే కాదు, పుచ్చుకునేవాడి రాజకీయాలు కూడా లెక్కలోకి వస్తాయన్నమాట.

ప్రజాస్వామ్య దేశపు అధినేత మాట ఇస్తే దానికి చట్టసభ ఒప్పుకోవాలి. నియంతృత్వ దేశపు అధినేత మాటకు అటువంటి అడ్డు లేదు. అంతర్జాతీయ సంబంధాల పరిశోధకులు దీనికి రెండు ముఖాలు ఉన్నాయంటారు. ప్రజాస్వామ్య దేశపు మాట ఆలస్యంగా వస్తుంది కానీ చట్టసభ ఒప్పుకున్న తరువాత దానిని మార్చడం కష్టం. ఒక్కడి మాట వెంటనే వస్తుంది కానీ ఆ ఒక్కడు, లేదా ఆ రాజ్యమే పోతే దాని విలువ ఏమిటో చెప్పలేము.

పునాదుల కింద పుకార్లు

ఇంతవరకు చెప్పినది రాజధానుల కథ. ఊళ్ల కథ వేరు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవ శాస్త్రవేత్త జొనాథన్ పారీ 1993 నుంచి భిలాయ్‌లోనూ, దాని అంచున కర్మాగారంలో కలసిపోయిన పల్లెలలోనూ దీర్ఘకాలం ఉండి అధ్యయనం చేశారు. నిర్మాణం మొదలైన రోజుల్లో, పునాదులు నిలవాలంటే పిల్లలను బలి ఇస్తారన్న పుకారు ఈ ప్రాంతంలో వ్యాపించిన సంగతిని ఆయన నమోదు చేశారు. వంతెనలు, ఆనకట్టలు కట్టినప్పుడు మన పల్లెల్లో కూడా పెద్దలు ఇటువంటి మాటలు చెప్పుకోవడం విన్నదే. రెండు ప్రభుత్వాల ప్రచార యంత్రాంగాలు ఆధునికతను ఆలయంగా కీర్తిస్తుండగా, భూములు పోగొట్టుకున్న రైతు ఆ ఆలయానికి బలి ఎవరు అని అడిగాడు. రాజకీయ సమాచార ప్రసారాన్ని అధ్యయనం చేసేవారికి ఈ పుకారు ఏ పత్రికా ప్రకటనకూ తీసిపోని ఆధారం. పైనుంచి వచ్చే మాటపై నమ్మకం లేనిచోట కిందినుంచి మరొక మాట పుడుతుంది.

ఆ భయం వల్లనో, నష్టపరిహారం డబ్బు చేతిలో ఉండడం వల్లనో స్థానిక ఛత్తీస్‌గఢీ రైతులు మొదట్లో కర్మాగారం ఉద్యోగాలకు పెద్దగా ముందుకు రాలేదు. దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. తెలుగువారు కూడా వచ్చారు. 1931లో పూర్తయిన రాయపూర్ - విజయనగరం రైలు మార్గం మీదుగా ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి భిలాయ్ చేరి, సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడి, ఇక్కడే పదవీ విరమణ చేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. భిలాయ్‌ని ‘చిన్న భారతదేశం’ అని పిలవడం ఇక్కడ పరిపాటి.

జర్మన్ పరిశోధకుడు క్రిస్టియన్ స్ట్రుంపెల్ రూర్కెలాను అధ్యయనం చేశారు. పారీ, స్ట్రుంపెల్ కలసి 2008లో రెండు పట్టణాలనూ పోల్చుతూ ఒక వ్యాసం ప్రచురించారు. 1964 మార్చిలో తూర్పు పాకిస్తాన్ శరణార్థులను తీసుకువెళ్తున్న రైళ్లు రూర్కెలా మీదుగా సాగిన రోజులలో అక్కడ ఘోరమైన మతకలహాలు జరిగాయి. స్థానికులు, బయటివారు, ఆదివాసుల మధ్య ఉద్యోగాల వివాదాలు రూర్కెలాను చాలాకాలం వెంటాడాయి. అంతటి హింసాకాండ భిలాయ్‌లో లేదు. ఈ తేడాకు కారణం కర్మాగారం కట్టించినది రష్యనా, జర్మనా అన్నది కాదని పోలికలో తేలుతుంది. భూమి పోయినవారు ఎవరు, వారికి ఉద్యోగాలపై ఎటువంటి వాగ్దానం ఉంది, రాష్ట్ర రాజకీయాలు ఎవరి పక్షాన మాట్లాడాయి అన్న అంశాలే నిర్ణాయకమయ్యాయి. కొలిమి ఐరోపా నుంచి వచ్చింది. దాని చుట్టూ ఏర్పడిన సమాజాన్ని తీర్చినది మాత్రం మన రాజకీయాలే.

‘నౌకరీ’, ‘కామ్’

భిలాయ్ శాంతికి కూడా ఒక హద్దు ఉంది. ఆ హద్దు కర్మాగారం గేటు. 2020లో వెలువడిన తన బృహద్గ్రంథంలో పారీ ఇక్కడి జనం వాడే రెండు మాటలను ప్రధానంగా చర్చించారు. ఒకటి ‘నౌకరీ’. అంటే భద్రత గల ఉద్యోగం. రెండవది ‘కామ్’. అంటే ఏ పూటకు ఆ పూట దొరికే పని. కర్మాగారం శాశ్వత ఉద్యోగికి క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు పాఠశాల, పింఛను వంటివి ఉంటాయి. అదే గేటు లోపల అదే కొలిమి వేడిలో పనిచేసే కాంట్రాక్టు కూలీకి అవేవీ ఉండవు. ఈ రెండు వర్గాలు ఒకే కార్మిక తరగతి కాదని, వారి జీవితాలు, ఆశలు, పెళ్లి సంబంధాలు సైతం వేరైపోయాయని పారీ వాదన. శాశ్వత ఉద్యోగుల సంఖ్య 1980 దశకంలో 60 వేలు దాటింది. తరువాతి దశాబ్దాలలో అది సగానికంటె తక్కువకు పడిపోయింది. పని తగ్గలేదు. అది కాంట్రాక్టుకు మారింది.

ఈ గేటు బయటి గొంతును వినిపించడానికి ప్రయత్నించిన నాయకుడు శంకర్ గుహ నియోగి. కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనులలో కాంట్రాక్టు కార్మికులను 1977 నుంచి ఆయన సంఘటితం చేశారు. కార్మికుల చందాలతో, శ్రమతో అక్కడ నెలకొల్పిన షహీద్ ఆసుపత్రి దేశమంతటా పేరు పొందింది. భిలాయ్ పరిసరాల ప్రైవేటు పరిశ్రమల కార్మికుల కోసం పోరాడుతున్న సమయంలో 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయ్‌లో నిద్రలో ఉండగా ఆయనను కాల్చి చంపారు. 1992 జూలై 1న భిలాయ్ పవర్ హౌస్ రైల్వే స్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా పదిహేను మందికి పైగా మరణించారు. సోవియట్ యూనియన్ అంతరించడం, మన దేశంలో కొత్త ఆర్థిక విధానం మొదలు కావడం, ఈ హత్య మూడూ ఒకే ఏడాది జరిగాయి.

ఎన్నికలు ఉన్నచోట కూడా వినిపించని గొంతులు ఉంటాయన్నదానికి భిలాయ్ ఒక ఉదాహరణ. ఐరోపాలో ప్రజాస్వామ్య నాణ్యతను కొలిచే పరిశోధకులు ఓట్ల శాతాలతో ఆగకుండా కార్మిక సంఘాల స్వేచ్ఛను, పత్రికల స్వేచ్ఛను, న్యాయస్థానాల అందుబాటును కూడా లెక్కలోకి తీసుకోవడానికి కారణం ఇదే.

విశాఖతో పోలిక

తెలుగు పాఠకులకు ఈ పోలికలో మరొక ఆసక్తికరమైన అంశం ఉంది. భిలాయ్ రెండు ప్రభుత్వాల సంతకాలతో పుట్టింది. విశాఖ ఉక్కు ప్రజల కేకతో పుట్టింది. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1979లో సోవియట్ యూనియన్‌తో సహకార ఒప్పందం కుదిరింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసే నాటికి ఒప్పందం చేసుకున్న దేశమే లేదు.

భిలాయ్ ఒప్పందం నుంచి మొదటి కొలిమి వరకు పట్టిన కాలం నాలుగేళ్లు. విశాఖలో శంకుస్థాపన నుంచి జాతికి అంకితం వరకు 21 ఏళ్లు. అయితే 2021 జనవరిలో విశాఖ ఉక్కులో కేంద్ర వాటాలను పూర్తిగా అమ్మివేయాలన్న నిర్ణయం వెలువడినప్పుడు వీధుల్లోకి వచ్చినవారు ‘ఇది ప్రభుత్వం మాకిచ్చిన కానుక’ అనలేదు. ‘ఇది మేము సాధించుకున్నది’ అన్నారు. 2025 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. అడిగి సాధించుకున్నదాన్ని మళ్లీ అడిగే అలవాటు జనానికి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన దానికి ఈ బలం ఒక పరిహారం కావచ్చు.

మూడు ఐరోపా దేశాల కర్మాగారాలు ఇప్పుడు ఒకే ప్రభుత్వ సంస్థ సెయిల్ నీడన ఉన్నాయి. వాటిని కట్టించిన సోవియట్ యూనియన్ లేదు. పశ్చిమ జర్మనీ పేరుతో ఇప్పుడు దేశం లేదు. ఉక్కును గొప్పగా అమ్మిన బ్రిటన్ తన ఉక్కు పరిశ్రమను నిలబెట్టుకోవడానికి తంటాలు పడుతున్నది. పోటీ ఎవరు గెలిచారన్న ప్రశ్నకు ఇప్పుడు విలువ లేదు. గేటు లోపల ఉన్నవాడి మాటకూ బయట ఉన్నవాడి మాటకూ ఒకే విలువ ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. దానికి జవాబు మాస్కో, బాన్, లండన్ నగరాల నుంచి రాదు. భిలాయ్, రూర్కెలా, విశాఖ పట్టణాలే చెప్పవలసి ఉంటుంది.